పేరు పక్కన కూర్చున్న టీఎం గారికి

మహారాజశ్రీ టీఎం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. ఊళ్లో ఏ ఫ్లెక్సీ చూసినా తమరే. పచ్చడి సీసా కానీ, కర్రీ పాయింట్ కానీ, కోచింగ్ సెంటర్ కానీ, పేరు చివర పై మూలన, "ఇది నా ట్రేడ్‌మార్క్" అని చాటే రెండు ఇంగ్లీషు అక్షరాలై, చీమంత సైజులో కూర్చుని ఉంటారు. తమరెవరో ఓనరుకే తెలియదు. "అన్నా, టీఎం పెట్టమంటారా, లుక్ వస్తది" అంటాడు ఫ్లెక్సీ షాపు కుర్రాడు. "పెట్టెయ్ తమ్ముడూ" అంటాడు ఓనరు. అయిపోయింది పట్టాభిషేకం. ఫీజు లేదు, దరఖాస్తు లేదు, ఏ ఆఫీసరు సంతకమూ లేదు.

తమరి పెద్దన్నగారు, ఆ సున్నాలో కూర్చున్న ఆర్ గారు, అంటే ఆ పేరు రిజిస్టరైందని చెప్పే గుర్తు, అంత తేలిగ్గా రారు. ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే మామూలు మనిషికి, చిన్న సంస్థకి 4,500 రూపాయలు. పెద్ద కంపెనీకి 9,000. అదీ ఒక్క క్లాసుకి, అంటే ఒక్క తరగతి సరుకుకో సేవకో! ఆవకాయ 29వ క్లాసు, కారప్పొడి 30, అదే పేరుతో మెస్సు తెరిస్తే 43. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై ఆఫీసు చూస్తుంది. వాళ్ల పరీక్ష గట్టెక్కి ట్రేడ్ మార్క్స్ జర్నల్లో అచ్చయ్యాక కూడా, అడ్డు చెప్పేవాళ్ల కోసం నాలుగు నెలలు ఆగాలి. ఇంతా చేస్తే వచ్చి పదేళ్లుంటారు, ఆపైన మళ్లీ రెన్యువల్ దక్షిణ. దరఖాస్తు పడేసిన రోజే ఆయన్ని బోర్డెక్కించే తొందరగాళ్లూ ఉన్నారు. దానికి చట్టం ఒప్పుకోదు. తమరికైతే ఆ బెంగా లేదు.

సరే, ఎదురు సందులో అదే పేరుతో, అవే ఎర్ర అక్షరాలతో ఇంకో కొట్టు లేచిందనుకుందాం. అప్పుడు తమరేం చేస్తారు? 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 27 ప్రకారం, రిజిస్టర్ కాని గుర్తుకి ఇన్‌ఫ్రింజ్‌మెంట్ (హక్కు ఉల్లంఘన) దావా లేదు. 'పాసింగ్ ఆఫ్' అని ఇంకో దారి ఉంది. కాకపోతే తన పేరుకి పరపతి ఉందనీ, అవతలివాడి వేషం చూసి జనం పొరపడుతున్నారనీ, దానివల్ల తనకి నష్టమనీ ఓనరే రుజువు చేసుకోవాలి. ఆర్ గారున్నాయన సర్టిఫికెట్ పట్టుకుని సొంత ఊరి జిల్లా కోర్టుకే వెళ్తాడు. తమరిని నమ్ముకున్నాయన ముందు అటకెక్కాలి.

ఆ అటక మీద ఏముంటాయో తమరెప్పుడైనా చూశారా? సగం ఎలకలు కొట్టిన బిల్లు బుక్కులు. కార్బన్ కాపీలో తేదీ కనిపిస్తే పేరు కనిపించదు, పేరు కనిపిస్తే తేదీ ఉండదు. ఓపెనింగ్ రోజు ఫోటో ఒకటి దొరుకుతుంది. అందులో బోర్డు మీది సగం పేరుని బంతిపూల దండ మింగేసింది, మిగతా సగానికి ఎమ్మెల్యేగారి తల అడ్డం. లాయరుగారు ఆ ఫోటోని అటూ ఇటూ తిప్పి, "ఇంకేమైనా ఉన్నాయా?" అంటారు.

కోపగించుకోకపోతే ఒక మాట. తమరు ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద వేసిన కర్చీఫ్ లాంటివారు. అయితే అంతకుముందు నుంచే ఆ సీట్లో నిజాయితీగా కూర్చుని వస్తున్నవాణ్ణి, తర్వాతెప్పుడో రిజర్వేషన్ తెచ్చుకున్నవాడు దించలేడని సెక్షన్ 34 చెబుతుంది. కూర్చుని వచ్చినట్టు రుజువుండాలి, అంతే. ఉత్త కర్చీఫ్‌కి విలువ లేదు.

తమరి పక్షాన గెలిచినవాళ్లు లేరనను. వాషింగ్ మెషీన్ల వర్ల్‌పూల్ వాళ్లు 1977లో రెన్యువల్ చేయించుకోక ఇక్కడి రిజిస్ట్రేషన్ పోగొట్టుకున్నారు. 1986లో వేరేవాళ్లు అదే పేరుకి దరఖాస్తు పెట్టి, తర్వాత సర్టిఫికెట్ కూడా సంపాదించారు. అయినా 1996లో సుప్రీంకోర్టు వర్ల్‌పూల్ వైపే నిలబడింది. జనానికి ఆ పేరంటే ఎవరో తెలుసు కాబట్టి. పొంగిపోకండి. 2017లో అదే కోర్టులో ప్రియస్ అనే తన కారు పేరు దగ్గర టయోటా అంతటిది ఇక్కడి విడిభాగాల సంస్థ చేతిలో ఓడిపోయింది. జపాన్‌లో ఆ కారు 1997లోనే రోడ్డెక్కింది. కానీ 2001 నాటికి ఇండియాలో ఆ పేరుకి పరపతి ఉందని చూపించలేకపోయారు. టయోటాకే దొరకని కాగితాలు మన పచ్చళ్లాయన అటక మీద దొరుకుతాయంటారా?

అందుకే కాబోలు, మనవాళ్లు కోర్టుని నమ్ముకోకుండా సొంత చట్టమే రాసుకున్నారు: "మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు."

నిన్న ఎదురు సందు కొట్టు చూశాను. వాడూ అదే రాసుకున్నాడు. కింద "ఒరిజినల్" అని కూడా వేశాడు. పేరు పక్కన తమరున్నారు. ఇటు బోర్డు మీదా తమరే, అటు బోర్డు మీదా తమరే. ఇంతకీ తమరు ఎవరి తరఫునో తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
ఏది అసలుదో తేలక రెండు ఆవకాయ సీసాలూ కొన్న ఒక వినియోగదారు