ఊరి బడిని మూసే హక్కు ఎవరిది?

అమెరికాలో 'స్కూల్ డిస్ట్రిక్ట్' అన్న మాట వినగానే మనకు జిల్లా గుర్తొస్తుంది. కలెక్టరేట్, డీఈవో ఆఫీసు, వందల బడులు. అక్కడి పల్లెల్లో సంగతి వేరు. చాలాచోట్ల డిస్ట్రిక్ట్ అంటే ఒక్కటే బడి. కిండర్‌గార్టెన్ పిల్లలూ, పన్నెండో తరగతి వాళ్లూ ఒకే ప్రాంగణంలో చదువుతారు. అందరూ కలిపి రెండు, మూడు వందల మంది ఉంటే ఎక్కువ. అయినా దానికి సొంత బోర్డు ఉంటుంది, సొంత బడ్జెట్ ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో స్థానికంగా పన్ను వసూలు చేసుకునే అధికారం కూడా ఉంటుంది. చిన్నవీ పెద్దవీ కలిపి ఇలాంటివి దేశం మొత్తంలో ఇప్పుడు 13 వేలకు పైగా ఉన్నాయి. 1939-40లో లక్షా 17 వేలు ఉండేవి. మిగిలిన లక్ష ఏమయ్యాయి, వాటిని కలిపేయాలని ఎవరు తేల్చారు అన్నది మనకూ పట్టాల్సిన విషయమే. బడుల విలీనం అన్న మాట మన పల్లెల్లో కూడా ఎంత గొడవ రేపిందో చూశాం కదా.

ముందు బోర్డు సంగతి. ఐదుగురో ఏడుగురో సభ్యులు. ఊరివాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. చాలాచోట్ల జీతం ఉండదు. పగలు పొలం పనో, బ్యాంకు ఉద్యోగమో చేసుకుని, నెలకోసారి సాయంత్రం బడి లైబ్రరీలో కూర్చుంటారు. ఆ సమావేశాల అజెండాలు చాలా డిస్ట్రిక్టులు ఇంటర్నెట్‌లో పెడతాయి. చదివితే ఎంత చిన్న విషయాలో! ప్రొపేన్ గ్యాస్ బిల్లు, బస్సు టైర్లు, పాల సరఫరాకు వచ్చిన కొటేషన్లు, సైన్స్ టీచర్ రాజీనామా, వచ్చే ఏడాది సెలవుల పట్టిక. మధ్యలో ఊరివాళ్లు లేచి మాట్లాడటానికి కాస్త సమయం. డిస్ట్రిక్ట్‌ను నడిపే పెద్ద అధికారిని సూపరింటెండెంట్ అంటారు. ఆయన్ను ఉద్యోగంలోకి తీసుకునేది, పని నచ్చకపోతే పంపేసేది ఈ బోర్డే. చిన్న డిస్ట్రిక్టుల్లో ఆ సూపరింటెండెంటే ప్రిన్సిపల్ పని కూడా చేస్తారు. డ్రైవర్ రాని రోజు బస్సు నడిపేవాళ్లు కూడా ఉన్నారు.

మన దగ్గర ఊరి ప్రాథమిక బడి బోర్డు మీద ఇప్పటికీ 'మండల పరిషత్' అని ఉంటుంది. హైస్కూలు మీద 'జిల్లా పరిషత్' అని ఉంటుంది. పేరు వాళ్లది, పెత్తనం మాత్రం రాష్ట్ర విద్యాశాఖది. టీచర్ బదిలీ కానివ్వండి, సిలబస్ కానివ్వండి, బడి వేళలు కానివ్వండి, ఎంపీపీ చేతిలో ఏమీ లేదు. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలు పెట్టింది. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. చాలా మంచి ఆలోచన. కానీ ఆ కమిటీ చేతిలో ఉండే డబ్బెంత? 30 మంది లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద వచ్చే గ్రాంటు ఏడాదికి 10 వేల రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, బాత్రూం శుభ్రం చేసే సామాను కొనేసరికి అయిపోతుంది. అంత డబ్బు మీద తల్లులు ఏం తీర్మానం చేస్తారు?

అలాగని అమెరికా పద్ధతి తెచ్చి మన నెత్తిన పెట్టుకుందామని నేను అనడం లేదు. ఆ పద్ధతిలో పెద్ద లోపం డబ్బు దగ్గరే ఉంది. అక్కడ బడి ఖర్చులో కేంద్రం వాటా పదో వంతుకు అటూ ఇటూ. మిగతాది దాదాపు చెరి సగంగా రాష్ట్రమూ, స్థానికులూ పెట్టుకోవాలి. స్థానిక డబ్బంటే ముఖ్యంగా ఆస్తి పన్ను. ఊళ్లో ఫ్యాక్టరీయో, చమురు బావులో ఉంటే బడికి ఢోకా లేదు. పొలాలు తప్ప ఏమీ లేని చోట మొత్తం భారం రైతు మీదే పడుతుంది. మొక్కజొన్న ధర పడిపోయిన ఏడాది కూడా భూమి విలువ మీద పన్ను కట్టాల్సిందే. అందుకే బడికి కొత్త భవనం కావాలని ఓటింగ్ పెడితే, పిల్లల మీద ప్రేమ ఉన్న రైతు కూడా వద్దనే ఓటేసే పరిస్థితి వస్తుంది. ఐడహోలో బాండ్ ద్వారా భవనానికి అప్పు తేవాలంటే మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. నూటికి 65 మంది సరేనన్నా చాలదు.

ఈ అన్యాయం మీద టెక్సస్ తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. శాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్ట్ ఎక్కువ రేటుకు పన్ను వేసుకున్నా ఒక్కో విద్యార్థికి స్థానికంగా వచ్చింది 26 డాలర్లు. పక్కనే ఉన్న ఆలమో హైట్స్ తక్కువ రేటుకే 333 డాలర్లు రాబట్టుకుంది. అయినా 1973లో కోర్టు 5-4 తేడాతో, చదువు కేంద్ర రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని తేల్చేసింది. మన రాజ్యాంగంలో పిల్లల చదువును ప్రాథమిక హక్కు చేసిన 21ఏ అధికరణం ఉంది. ఆ ఒక్క విషయంలో మన పేద పిల్లవాడి చేతిలో ఉన్న కాగితం అమెరికా పేద పిల్లవాడి చేతిలో లేదు.

కేంద్ర రాజ్యాంగం దారి మూసుకుపోవడంతో జనం రాష్ట్ర రాజ్యాంగాలను పట్టుకుని కోర్టులకెక్కారు. అందులో ఒక కథ నన్ను వదలదు.

ఆర్కన్సాలో మిసిసిపి నది ఒడ్డు ప్రాంతంలో లేక్‌వ్యూ అనే చిన్న ఊరు ఉంది. 1930లలో నల్లజాతి రైతుల పునరావాసం కోసం ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఊరది. ఆ ఊరి డిస్ట్రిక్ట్ 1992లో ఏకంగా రాష్ట్ర ప్రభుత్వం మీదే కేసు వేసింది. మా బడికి డబ్బు చాలడం లేదు, ఈ నిధుల పద్ధతే తప్పు అని. పదేళ్ల తర్వాత, 2002లో, రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. అందులో ఆ బడి గురించి రాసిన వివరాలు చదివితే మన ఊళ్లో ఏదో బడి గురించి చదువుతున్నట్టే ఉంటుంది. హైస్కూలు మొత్తానికి లెక్కల టీచర్ ఒక్కడే. సర్టిఫికెట్ లేదు కాబట్టి సబ్‌స్టిట్యూట్ కింద ఏడాదికి 10 వేల డాలర్లు ఇచ్చేవాళ్లు. ఇల్లు గడవక అతనే స్కూలు బస్సు నడిపి ఇంకో 5 వేలు సంపాదించుకునేవాడు. జామెట్రీ క్లాసుకు వృత్తలేఖినులు లేవు. నాలుగు నల్లబల్లల్లో పనికొచ్చేది ఒక్కటే. ప్రింటర్ ఉంది గానీ పని చేయదు. అక్కడి నుంచి కాలేజీకి వెళ్లిన పిల్లల్లో ప్రతి ఒక్కరికీ మళ్లీ మొదటి నుంచి పాఠాలు చెప్పాల్సి వచ్చేది.

తీర్పు వచ్చాక నిధులు పెరిగాయి. దాంతోపాటు ఇంకో చట్టం కూడా వచ్చింది. వరసగా రెండేళ్లు 350 మంది కంటే తక్కువ పిల్లలున్న డిస్ట్రిక్ట్ వేరేదాంట్లో కలిసిపోవాలి. అప్పటి గవర్నర్ మైక్ హకబీ అయితే అంతకంటే చాలా పెద్ద అంకె అడిగారు, 1,500. చివరికి 350 దగ్గర ఆగింది. 2004లో ఆ ఒక్క చట్టంతో యాభైకి పైగా డిస్ట్రిక్టులు మాయమయ్యాయి. వాటిలో లేక్‌వ్యూ కూడా ఉంది. పక్కనున్న బార్టన్-లెక్సాలో కలిపేశారు. రాష్ట్రంలోని పేద బడులన్నిటికీ డబ్బు సాధించి పెట్టిన ఊరికి తన బడి మీద తన మాటే లేకుండా పోయింది.

ఒక్క టీచర్‌తో, ఒక్క నల్లబల్లతో నడిచే బడిని అలాగే ఉంచమని నేను అనను. ఆ పిల్లలకు జరిగింది అన్యాయమే. కొన్నిచోట్ల కలపక తప్పదు. కానీ పదేళ్లు డబ్బు ఇవ్వకుండా బడిని ఎండగట్టి, ఎండిపోయాక 'పిల్లలు లేరు, చదువు లేదు' అని మూసేయడం ఏ న్యాయం? మన దగ్గర జరిగేదీ ఇదే వరస. టీచర్‌ను వేయరు. టీచర్ లేడని తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటు స్కూలు వ్యాను ఎక్కిస్తారు. సంఖ్య పడిపోతుంది. సంఖ్య పడిపోయిందని ఉన్న టీచర్‌ను కూడా సర్దుబాటు కింద ఇంకో ఊరికి పంపుతారు.

నెబ్రాస్కాలో ఇంకో రకంగా జరిగింది. ప్రాథమిక తరగతులు మాత్రమే ఉన్న రెండొందల దాకా చిన్న డిస్ట్రిక్టులను పెద్దవాటిలో కలపాలని 2005లో శాసనసభ చట్టం చేసింది. జనం సంతకాలు సేకరించి ఓటింగ్ పెట్టించారు. 2006 నవంబరులో ఆ చట్టాన్ని ఓటర్లు కొట్టేశారు. అప్పటికే డిస్ట్రిక్టులు రద్దయిపోయాయి, బోర్డులు లేవు. జనం గెలిచారు గానీ తిరిగి తెరవడానికి ఏమీ మిగల్లేదు.

కలవకుండా నిలబడ్డ ఊళ్లు రకరకాల దారులు వెతుక్కున్నాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌కు పదకొండు మంది దొరకరని ఆరుగురితో ఆడే ఆటను 1934లో నెబ్రాస్కాలోనే కనిపెట్టారు. ఇప్పుడు డ్రైవర్ ఖర్చు, డీజిల్ తగ్గించుకోవడానికి, టీచర్లు మానేయకుండా ఉండటానికి వందల డిస్ట్రిక్టులు వారానికి నాలుగు రోజులే బడి నడుపుతున్నాయి. టీచర్లు దొరక్క ఫిలిప్పీన్స్ నుంచి, మన దేశం నుంచి తెచ్చుకుంటున్నాయి. హైదరాబాద్ నుంచి వెళ్లి అక్కడి బడుల్లో లెక్కలో, సైన్సో చెబుతున్నవాళ్లూ ఉన్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు ఐటీ కంపెనీల గురించే మన పేపర్లన్నీ రాశాయి. చాలా పల్లె డిస్ట్రిక్టుల్లో కొత్త టీచర్ ఏడాది జీతం అందులో సగం కూడా ఉండదు. ఆ ఫీజు కట్టి టీచర్‌ను తెచ్చుకోవడం వాళ్ల వల్ల అయ్యే పనేనా?

ఊరికి అధికారం ఇస్తే అంతా బాగుంటుందని అనుకోవడం కూడా పొరపాటే. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ పల్లె ప్రాంతమే. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ కలిపి కూర్చోబెట్టమని కోర్టు అంటే, 1959లో అక్కడి పెద్దలు ప్రభుత్వ బడులకు డబ్బే ఆపేశారు. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లపిల్లలకు ఐదేళ్లు ప్రభుత్వ బడి లేదు. 1964లో సుప్రీంకోర్టు చెబితే గానీ తెరవలేదు. మన ఊళ్లలో కులం ఉంది. దళిత మహిళ వండిన మధ్యాహ్న భోజనం మా పిల్లలు తినరని గొడవ చేసినవాళ్లు ఉన్నారు. బడి పెత్తనం మొత్తం అలాంటి పెద్దమనుషుల చేతికి వెళితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అందుకే నా మాట ఇది. డబ్బు, టీచర్ జీతం, పిల్లల హక్కు పైనుంచి రావాలి. పంట పోయినా, ఊరి పెద్దకు కోపం వచ్చినా అవి ఆగకూడదు. బడిని ఉంచాలా కలపాలా అన్న మాట మాత్రం ఆ పిల్లల తల్లిదండ్రులు చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117తో 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లకు తరలించారు. చాలా ఊళ్లలో తల్లులు బడి గేటుకు తాళాలు వేసి ధర్నాలు చేశారు. 2025లో ఆ పద్ధతిని పక్కన పెట్టి కొత్త వర్గీకరణ తెచ్చారు. పెట్టినప్పుడూ తీసేసినప్పుడూ ఉత్తర్వు రాజధాని నుంచే వచ్చింది. ఈ మధ్యలో మూడో తరగతిలో చేరిన పిల్ల ఐదో తరగతి దాటేసింది.

ఒక బడిని కలిపేముందు మూడు నెలలు గడువు ఇచ్చి, గ్రామసభలో కాకుండా బడి ఆవరణలోనే ఆ పిల్లల తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఎంఈవో వచ్చి లెక్కలన్నీ వాళ్ల ముందు పెట్టాలి. ఎంతమంది టీచర్లను ఇచ్చాం, ఎన్ని నెలలు ఖాళీగా ఉంచాం, కొత్త బడి ఎంత దూరం, ఆటో ఎవరు పెడతారు. రహస్య ఓటు పెట్టాలి, ఎందుకంటే చేయెత్తమంటే కూలికి వెళ్లే తల్లి భూమి ఉన్నవాడి ముఖం చూస్తుంది. ఓటు అయిపోయాకే ఉత్తర్వు రావాలి. ఆ సమావేశంలో మొదటి ప్రశ్న ఏం వస్తుందో నేను ఇప్పుడే చెప్పగలను. పొద్దున తొమ్మిదింటికి లారీలు తిరిగే ఆ మెయిన్ రోడ్డు నా ఆరేళ్ల పిల్లను ఎవరు దాటిస్తారు సార్?