హద్దు దాటితే అనుభవం చెల్లదా?

మే నెల చివరి వారంలో హిందూపురం బస్టాండులో బెంగళూరు బస్సు దగ్గర, విజయవాడలో హైదరాబాద్ బస్సు దగ్గర కొందరు ప్రయాణికులను ఇట్టే గుర్తుపట్టవచ్చు. భుజాన బట్టల సంచి, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. ఫైలులో డిగ్రీ, బీఈడీ, టెట్ పత్రాలు, రెండు మూడు బడుల అనుభవ పత్రాలు. ఫోనులో ఇంటివాళ్లతో నడిచే మాటలు కూడా దాదాపు ఒక్కటే: ఎంత ఇస్తామన్నారు, అక్కడ అద్దె ఎంత, పిల్లల్ని ఎక్కడ చేర్పిద్దాం. బడులు తెరిచే రోజు దగ్గరపడిన ఈ కొద్ది వారాల్లోనే రాష్ట్రం మారాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. ఆ నిర్ణయానికి కావలసిన లెక్కను వారి ముందు పెట్టేవారు ఎవరూ లేరు. యాజమాన్యం ఒక అంకె చెబుతుంది, మిగతాది దిగిన తర్వాత తెలుస్తుంది. ఎక్కువ జీతం కోసం హద్దు దాటిన ఉపాధ్యాయులు ఆ పెరిగిన జీతం కంటే ఎక్కువే పోగొట్టుకునే పరిస్థితి మన రాష్ట్రాల్లో ఉందని, దానికి బాధ్యత ప్రభుత్వాలదేనని మేము భావిస్తున్నాం.

ముందు ప్రభుత్వ బడుల సంగతి చూద్దాం. గత వేతన సవరణలో తెలంగాణ 30 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ 23 శాతంతో సరిపెట్టింది. అప్పటికే అందుతున్న 27 శాతం మధ్యంతర భృతి కంటే అది తక్కువ కావడంతో 2022 ఫిబ్రవరి 3న ఉద్యోగులు, ఉపాధ్యాయులు విజయవాడ వీధులను నింపేశారు. ఈ రెండు శాతాలే చెవిన పడినవారు తెలంగాణలో జీతం ఎక్కువని అనుకుంటారు. కొత్తగా చేరే సెకండరీ గ్రేడ్ టీచర్ విషయంలో అది నిజం కాదు. ఆ సవరణ ప్రకారం వారి స్కేలు తెలంగాణలో 31,040 రూపాయల వద్ద, ఆంధ్రప్రదేశ్‌లో 32,670 రూపాయల వద్ద మొదలవుతుంది. ఫిట్‌మెంట్ అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారి జీతాన్ని కొత్త స్కేలులోకి మార్చే కొలత. కొత్తగా వచ్చేవారు ఎక్కేది స్కేలు అడుగు మెట్టు. ఆ మెట్టు ఏ ఎత్తులో ఉందన్నదే వారికి కావలసిన సంగతి.

దానికి ఇంటి అద్దె భత్యం కలిపి చూడాలి. గ్రేటర్ హైదరాబాద్‌లో 24 శాతం అంటే 7,450 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ జిల్లా కేంద్రంలో 16 శాతం అంటే 5,227. రెండూ కలిపితే హైదరాబాద్‌లో 38,490, ఏలూరులోనో కడపలోనో 37,897. తేడా ఆరు వందల రూపాయల లోపు. హైదరాబాద్‌లో రెండు గదుల ఇంటికీ కడపలో రెండు గదుల ఇంటికీ అద్దెలో ఉన్న తేడాను ఈ ఆరు వందలు ఏ మూలకు భర్తీ చేస్తాయి? పల్లెల్లో లెక్క తిరగబడుతుంది. తెలంగాణ గ్రామంలో 11 శాతం భత్యంతో 34,454, ఆంధ్రప్రదేశ్ గ్రామంలో 10 శాతంతో 35,937. కరవు భత్యం దీనికి అదనం. అది ఎప్పుడు ప్రకటిస్తారో, బకాయిలు ఎప్పుడు చెల్లిస్తారో రెండు రాష్ట్రాల ఉపాధ్యాయులకూ తెలియదు. ఐదేళ్లకోసారి జరగాల్సిన వేతన సవరణ గడువు ఇద్దరికీ 2023 జూన్‌తోనే ముగిసింది.

కర్ణాటక విషయంలో పొరపాటు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. ఏడో వేతన సంఘం సిఫారసులను 2024 ఆగస్టు నుంచి అమలు చేసిన ఆ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగి కనీస మూల వేతనం 27,000 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో అది 20,000, తెలంగాణలో 19,000. ఏడెనిమిది వేలు తేడా ఉందని చూడగానే అనిపిస్తుంది. అయితే కర్ణాటక 2022 జులై నాటి వరకు ఉన్న కరవు భత్యాన్ని మూల వేతనంలో కలిపేసింది. మన రెండు రాష్ట్రాలు కలిపింది 2018 జులై నాటిది. ఆ నాలుగేళ్ల కరవు భత్యం వారికి మూల వేతనం లోపల ఉంది, మనకు బయట విడిగా వస్తోంది. ఒకరు బియ్యం సంచితో సహా తూచారు, మరొకరు సంచి తీసేసి తూచారు. రాష్ట్రం మారాలనుకునే ఉపాధ్యాయులు మూల వేతనాలను పక్కపక్కన పెట్టుకుని చూస్తే మోసపోతారు. చేతికి వచ్చే మొత్తం చూడాలి, అందులోంచి అద్దె తీసేసి చూడాలి.

ఇంతా చేసి, ప్రభుత్వ ఉపాధ్యాయులు నిజంగా హద్దు దాటగలరా అంటే దాటలేరు. కోదాడ నుంచి జగ్గయ్యపేట అరగంట ప్రయాణం. అలంపూర్ వాళ్లకు తుంగభద్ర దాటితే కర్నూలు. పదేళ్లు గణితం చెప్పిన మాస్టారు ఆ అరగంట దూరం వెళ్లి అవతలి బడిలో చేరాలంటే మళ్లీ డీఎస్సీ రాయాలి. గెలిస్తే స్కేలు అడుగు మెట్టు నుంచి మొదలుపెట్టాలి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో 95 శాతం ఉద్యోగాలు స్థానికులవి. ఆ ఉత్తర్వుల వెనుక దశాబ్దాల ఉద్యమం ఉంది, దాన్ని కదిలించమని మేము అడగడం లేదు. మిగిలిన కొద్దిపాటి ఖాళీల్లో పోటీపడి గెలిచినవారి పదేళ్ల పాఠాలను కూడా లేనట్టే లెక్కించడం ఏ న్యాయమో చెప్పమంటున్నాం. రాష్ట్ర విభజన తర్వాత భార్య ఒక వైపు, భర్త మరో వైపు మిగిలిపోయిన ఉపాధ్యాయ కుటుంబాలు ఈ ప్రశ్నను ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి.

ఈ చిక్కు విడదీయలేనిదేమీ కాదు. కేంద్రీయ విద్యాలయాల్లో శిక్షిత పట్టభద్ర ఉపాధ్యాయుల మూల వేతనం దేశమంతటా 44,900 రూపాయల వద్దే మొదలవుతుంది. ఊరిని బట్టి మారేది అద్దె భత్యం: హైదరాబాద్‌లో 30 శాతం చొప్పున 13,470, విజయవాడలో 8,980, చిన్న ఊళ్లలో 4,490. భోపాల్‌లో ఐదేళ్లు పనిచేసి గుంటూరు వచ్చినవారి ఇంక్రిమెంట్లు రైలులో పోవు. జీతం పనికి, భత్యం ఊరికి. ఇంత సూటిగా ఉన్న పద్ధతి కళ్లెదుటే ఉంది.

అయితే ఈ మే నెలలో బస్సెక్కేవారిలో ఎక్కువ మంది ప్రైవేటు బడులవారే. వారికి స్కేలు లేదు. ఇంటర్వ్యూ గదిలో కుదిరిన బేరమే జీతం. ఒక ఉదాహరణ తీసుకుందాం. అనంతపురంలో నెలకు 18,000 తీసుకునే హిందీ పండితురాలికి బెంగళూరు బడి 25,000 ఇస్తానంది. ఏడు వేలు ఎక్కువ. కానీ ఆ జీతం పది నెలలకే, వేసవి రెండు నెలలు లేదు. అంటే ఏడాదికి రెండున్నర లక్షలు. సొంత ఊళ్లో పన్నెండు నెలలకు 2,16,000 వచ్చేది. మిగిలేది 34,000. సొంత ఊళ్లో 5,000 అద్దె కట్టే ఇల్లు అక్కడ 10,000 అయితే ఏడాదికి 60,000 అదనం. బెంగళూరు ఇళ్లకు ఆరు నుంచి పది నెలల అద్దె ముందుగా కట్టడం వాడుక, దానికి ఇంకో అప్పు. జీతం పెరిగిన ఆనందంలో ఊరు మారిన మనిషి ఏడాది తిరిగేసరికి అప్పుతో మిగులుతుంది. ఒప్పంద పత్రంలో 'పది నెలలు' అన్న మాట రాసి ఉంటే ఆమె ముందే ఈ లెక్క వేసుకునేది. చాలా చోట్ల అసలు ఒప్పంద పత్రమే ఇవ్వరు. పైగా చేరిన రోజే అసలు సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు. మధ్యలో మానేస్తే అవి తిరిగి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో, ఎన్నిసార్లు తిరగాలో అనుభవించినవారికే తెలుసు.

జీవన వ్యయం అంటే అద్దె, పాలు, కూరగాయలు మాత్రమే అనుకోకూడదు. ఈ రోజుల్లో ఒక కుటుంబం ఖర్చును ఆధార్ కార్డు మీది చిరునామా కూడా నిర్ణయిస్తోంది. ప్రైవేటు బడుల్లో మహిళా ఉపాధ్యాయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కర్ణాటక 2023 జూన్‌లో, తెలంగాణ అదే ఏడాది డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలుపెట్టాయి. మూడు చోట్లా షరతు ఒకటే, ఆ రాష్ట్రపు గుర్తింపు కార్డు. చిరునామా మార్చుకునే వరకు రోజూ టికెట్టు కొనాల్సిందే. మార్చుకుంటే సొంత రాష్ట్రంలో ఉన్న రేషను కార్డు, దానికి ముడిపడిన ఆరోగ్య పథకం ఏమవుతాయోనన్న భయం. తెలంగాణలో 200 యూనిట్ల ఉచిత విద్యుత్తుకు ఆ రాష్ట్రపు రేషను కార్డు కావాలి. సంక్షేమ పథకాలు ఇంటి ఖర్చును నిజంగానే తగ్గిస్తున్నాయి, అందులో సందేహం లేదు. రాష్ట్రం మారిన కుటుంబానికి కొంత కాలం పాటు రెండు వైపులా అవి అందకుండా పోతున్నాయి.

వీటన్నిటికంటే పెద్ద నష్టం పిల్లలది. జీతాల లెక్క వేసుకునేటప్పుడు ఇది ఎవరికీ తట్టదు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 33 ప్రకారం వైద్య విద్యలో స్థానిక కోటా దక్కాలంటే అర్హత పరీక్ష వరకు వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా, ఆ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న దీన్ని సమర్థించింది. సూర్యాపేటకు చెందిన భౌతికశాస్త్రం లెక్చరర్‌కు విజయవాడలోని కళాశాలలో మంచి జీతం వచ్చిందనుకుందాం. తాను పాఠం చెప్పే చోట పిల్లకు ఫీజులో రాయితీ దొరుకుతుంది కాబట్టి ఆమెను కూడా అక్కడే ఇంటర్‌లో చేర్పిస్తాడు. ఆ క్షణం నుంచి ఆ అమ్మాయి సొంత రాష్ట్రంలో స్థానికురాలు కాదు. బయట పనిచేసే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు, సైనికుల పిల్లలకు మినహాయింపు ఉంది, ఉండటం న్యాయం. జీతం కోసం పక్క రాష్ట్రానికి వెళ్లిన ప్రైవేటు లెక్చరర్ కూతురికి లేదు. ఇతరుల పిల్లలను మెడికల్ సీటుకు సిద్ధం చేసే మనిషి తన కూతురి సీటును తెలియకుండానే పోగొడుతున్నాడు. నెలకు ఐదు వేలు ఎక్కువ ఇచ్చే ఏ ఉద్యోగమూ ఆ నష్టాన్ని తీర్చలేదు.

ప్రైవేటు ఉపాధ్యాయులకు చట్టం అండ ఎందుకు లేదన్న ప్రశ్నకు పాత సమాధానం ఒకటి ఉంది. పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఉపాధ్యాయులు 'కార్మికులు' కారని 1988లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గ్రాట్యుటీ విషయంలోనూ 2004లో అలాంటి తీర్పే వచ్చింది. కానీ ఆ రెండోదాన్ని పార్లమెంటు సరిదిద్దింది. 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి ఉపాధ్యాయులకు గ్రాట్యుటీ వర్తింపజేసింది. బడి యాజమాన్యాలు సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణ సరైనదేనని తేల్చింది. తలుచుకుంటే చట్టం మారుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇక ఢిల్లీని చూడండి. 1973 నాటి ఢిల్లీ పాఠశాల విద్యా చట్టంలో పదో సెక్షన్ ఒక్క మాట చెబుతుంది: గుర్తింపు పొందిన ప్రైవేటు బడి తన ఉపాధ్యాయులకు ఇచ్చే జీతభత్యాలు ప్రభుత్వ బడిలో అదే హోదాలో ఉన్నవారి కంటే తక్కువ కాకూడదు. అక్కడ ఇది సజావుగా అమలవుతోందని మేము అనడం లేదు. బకాయిల కోసం హైకోర్టు మెట్లెక్కే ఉపాధ్యాయులు ఇప్పటికీ ఉన్నారు. ఎక్కడానికి వారికి మెట్లున్నాయి. మన దగ్గర జీతం ఎగ్గొట్టిన యాజమాన్యం మీద ఏ గడప తొక్కాలో కూడా స్పష్టంగా తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో ఫీజులను, ప్రమాణాలను పర్యవేక్షించడానికి 2019లో చట్టం చేసి కమిషన్ ఏర్పాటు చేశారు. తల్లిదండ్రులు కట్టిన ఫీజులో ఎంత భాగం పాఠం చెప్పినవారికి చేరుతోందో చూడనిదే ఆ పర్యవేక్షణ పూర్తి కాదు.

కాబట్టి రెండు తెలుగు ప్రభుత్వాలనూ మేము కోరేది ఇది. ప్రైవేటు బడుల్లో కనీస వేతనాన్ని, అదీ పన్నెండు నెలలకు, చట్టంలో చేర్చాలి. జీతం బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి. నియామక పత్రం ఇవ్వని బడికి, సర్టిఫికెట్లు పట్టి ఉంచిన బడికి గుర్తింపు పొడిగించకూడదు. హైదరాబాద్, అమరావతి కూర్చుని మాట్లాడుకుని, పోటీ పరీక్షలో గెలిచి హద్దు దాటిన ప్రభుత్వ ఉపాధ్యాయుల పూర్వపు సర్వీసును జీత నిర్ణయంలో లెక్కలోకి తీసుకోవాలి. స్థానికతకు ఉన్న మినహాయింపును రాష్ట్రం బయట పనిచేస్తున్న ప్రైవేటు ఉపాధ్యాయుల పిల్లలకు విస్తరించాలి. సర్వీసు పత్రం, భవిష్య నిధి ఖాతా సాక్ష్యంగా చాలు.

ఇన్ని వేల బడుల్లో ఎవరికి ఎంత ఇస్తున్నారో ఎలా తెలుస్తుందని అధికారులు అనవచ్చు. 2021 ఏప్రిల్ గుర్తు చేసుకోవాలి. కరోనాతో బడులు మూతపడి, పాఠం చెప్పిన చేతులు కూలి పనికి, కూరగాయల బండికి మళ్లినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. దానికోసం బడి వారీగా పేర్లు, ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు కొద్ది రోజుల్లోనే సేకరించారు. అదే జాబితాను ఏటా జూన్‌లో కొత్తగా రాసి, పేరు పక్కన ఇచ్చే జీతం కూడా నమోదు చేయించాలి. బడి గోడ మీద ఫీజుల పట్టిక అంటించిన చోటే దాన్నీ అంటించాలి.