చూడని ఇంటికి ముడుపు

విదేశంలో ఇల్లు అద్దెకు తీసుకునేవాడు గడప తొక్కకముందే చెల్లించవలసిన డిపాజిట్టును కొందరు దోపిడీ అనీ, మరికొందరు శుద్ధ దండుగ అనీ ఆడిపోసుకుంటూ ఉంటారు. ఈ వ్యాసకర్త వారితో ఏకీభవించడు. తొమ్మిదేళ్లలో రెండు దేశాల్లో నాలుగిళ్లు మారి, నాలుగు డిపాజిట్లు కట్టి, అన్నీ కలిపి చూసుకుంటే రెండున్నర వరకు వెనక్కు రాబట్టుకున్న అనుభవంతో చెబుతున్నాను: మనిషికి మనిషి మీద ఉండవలసిన విశ్వాసాన్ని నేటికీ చెక్కుచెదరకుండా కాపాడుతున్నది ఈ ఒక్క ఏర్పాటే. మనల్ని రవ్వంత కూడా నమ్మని అపరిచితుడికి ఇంత మొత్తాన్ని, ఇంత త్వరగా, ఇంత వినయంగా మనం మరెక్కడా అప్పగించము.

దీనికి తెలుగులో ధరావతు అనే నిండైన మాట ఉంది. అయితే ఎన్నికల వార్తల పుణ్యమా అని, ధరావతు అన్న మాట చెవిన పడగానే దాని వెనకే గల్లంతు అన్న మాట కూడా నోటికి వచ్చేస్తుంది. అద్దెదారు తెలుసుకోవలసిన సారమంతా భాష ఆ రెండు మాటల్లో ఎప్పుడో చెప్పేసింది, మనమే వినిపించుకోలేదు.

ముందుగా ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని గమనించండి. యజమాని మన నుంచి పాస్‌పోర్టు నకలు, ఉద్యోగపు ఉత్తర్వు, మూడు నెలల జీతపు చీటీలు, పాత యజమాని ఇచ్చిన యోగ్యతాపత్రం, ఆ దేశంలోనే స్థిరపడి మన తరఫున పూచీపడే ఒక సజ్జనుడి సంతకం కోరతాడు. బదులుగా మనకు ఆరు ఫొటోలు పంపుతాడు. వాటిలో మూడు ఒకే గదివి, ఒకటి కిటికీలోంచి కనిపించే చెట్టుది. ఆ గదిని ఏ కటకంతో తీశారో గాని, మంచం ఒక జిల్లాలోనూ బీరువా పక్క జిల్లాలోనూ ఉన్నట్టు కనిపిస్తాయి. ఇంతటి సమగ్ర సమాచారం చేతికందిన తరువాత కూడా డబ్బు పంపడానికి సంకోచించేవాడిని అనుమానపు పక్షి అనక ఏమనాలి?

ఈ రంగంలో మోసగాళ్లు కూడా ఉంటారన్నది నిజమే. వారి కథనం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ఇల్లు బాగుంటుంది, అద్దె చుట్టుపక్కల ఇళ్లకన్నా కాస్త తక్కువ ఉంటుంది, యజమాని ఉద్యోగరీత్యా వేరే దేశంలో ఉంటాడు, డిపాజిట్టు అందిన మరునాడే తాళాలు కొరియరులో వస్తాయి. అసలైన ఏజెంటుకూ మోసగాడికీ తేడా ఎలా పట్టాలని కొత్తగా వెళ్లేవారు నన్ను అడుగుతుంటారు. చాలా సులువు. మోసగాడు వెంటనే జవాబిస్తాడు. మన ప్రయాణం ఎలా సాగుతోందో కనుక్కుంటాడు, పిల్లల బడి గురించి రెండు మంచి మాటలు చెబుతాడు. అసలైన ఏజెంటు మాత్రం పది రోజుల తరువాత, సంబోధన కూడా లేకుండా, ఇంకా ఏయే కాగితాలు తక్కువయ్యాయో రాస్తాడు. కాబట్టి పలకరింపు మరీ ఆప్యాయంగా ఉంటే జాగ్రత్తపడవలసిందే.

నా మొదటి ధరావతు జర్మనీలో జరిగింది. అక్కడ కొత్తవాడి పరిస్థితి ఇది: డిపాజిట్టు కట్టడానికి బ్యాంకు ఖాతా కావాలి, ఖాతా తెరవడానికి చిరునామా నమోదు చేయించుకున్న పత్రం అడుగుతారు, ఆ నమోదుకు యజమాని ఇచ్చే ధ్రువీకరణ కావాలి, యజమాని తాళం ఇవ్వాలంటే డిపాజిట్టు కట్టాలి. పైగా షూఫా అనే సంస్థ నుంచి మన అప్పుల చరిత్ర తెమ్మంటారు. నిన్న విమానం దిగినవాడికి ఆ దేశంలో అప్పులు ఎక్కడ పుట్టాయి, చరిత్ర ఎక్కడ పుట్టింది? జీవితమంతా అప్పు చేయకుండా బతికినందుకు సిగ్గుపడిన సందర్భం నాకు అదొక్కటే.

చివరకు విదేశీ ఖాతా నుంచే డబ్బు పంపాను. 2,100 యూరోలు పంపితే, దారిలో ఉన్న ఏదో బ్యాంకు తన ఆశీస్సుల కింద 18 యూరోలు మినహాయించుకుని 2,082 చేర్చింది. ఆ 18 యూరోల లోటు గురించి నాకు మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడో ఉత్తరంలో 'ఒప్పంద ఉల్లంఘన' అనే మాట ఉంది. ఇంకా నేను ఆ ఊరికి చేరనైనా లేదు; కానీ అప్పటికే ఆ ఊళ్లో బాకీదారుడిగా స్థిరపడ్డాను.

ఇంటి తలుపు తీసిన రోజు వంటగది కోసం వెతికాను. గోడలోంచి పొడుచుకు వచ్చిన రెండు గొట్టాలు, ఒక కుళాయి కొన, దాని కింద తెల్లటి పలకల వరుస కనిపించాయి. అదే వంటగది. అక్కడ చాలామంది ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పొయ్యినీ, తొట్టినీ, అల్మారాలనూ వెంట తీసుకుపోతారు. దీపం ఉండవలసిన చోట పైకప్పు నుంచి మూడు తీగలు వేలాడుతున్నాయి. మూడు నెలల అద్దెను హామీగా ఉంచి, ఆ గొట్టాలకూ ఆ తీగలకూ ఏ హానీ తలపెట్టనని నేను సంతకం చేశానన్నమాట. జర్మన్ చట్టం ప్రకారం డిపాజిట్టు మూడు నెలల అసలు అద్దెను, అంటే వేడికీ నీటికీ వేసే ఖర్చులు కలపని అద్దెను మించకూడదు. దాన్ని మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు కూడా అద్దెదారుకు ఉంది. హక్కు నిజంగానే ఉంది. అయితే ఇల్లు చూడడానికి మెట్ల మీద వరుసగా నిలబడ్డ నలభై మందిలో, ఆ హక్కు గురించి ప్రస్తావించిన ఒక్కడికైనా ఇల్లు దక్కిందన్న వార్త ఇంతవరకు నా చెవిన పడలేదు.

ఏ దేశపు అద్దె చట్టమైనా అక్కడి ఇంటి యజమానుల జీవితచరిత్రగా చదువుకోదగినది. ఎవరూ చేయని పనిని చట్టం నిషేధించదు కదా. ఇంగ్లండు, వేల్సులలో డిపాజిట్టును ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో ఉంచి తీరాలన్న నిబంధన 2007 ఏప్రిల్‌లో అమలుకు వచ్చింది. ఇప్పుడు 30 రోజుల్లోగా ఆ పని చేయకపోతే, యజమాని డిపాజిట్టుకు ఒకటి నుంచి మూడు రెట్లు అద్దెదారుకు చెల్లించవలసి రావచ్చు. అంతకుముందు ఆ సొమ్ము ఎక్కడ విశ్రమించేదో ఊహించుకోవడానికి పెద్ద కల్పనాశక్తి అక్కరలేదు. ఫ్రాన్సులో ఇల్లు అప్పగించినప్పటి స్థితి మొదటి స్థితితో సరిపోలితే నెలలోగా, లేకపోతే రెండు నెలల్లోగా సొమ్ము తిరిగి ఇవ్వాలి. దాటితే, ఆలస్యమైన ప్రతి నెలకూ నెల అద్దెలో 10 శాతం చొప్పున అదనంగా ఇవ్వాలి. న్యూయార్కు రాష్ట్రం 2019లో డిపాజిట్టును ఒక నెల అద్దెకు కుదించి, 14 రోజుల్లో లెక్క చెప్పమన్నది. కెనడాలోని ఒంటారియో అయితే, ఇంటికి జరగబోయే నష్టం పేరిట డిపాజిట్టు తీసుకోవడాన్నే ఒప్పుకోదు. చివరి నెల అద్దెను మాత్రం ముందుగా పుచ్చుకోవచ్చునంటుంది. ఆ రాష్ట్రంలో గోడలు ఎలా నిలబడి ఉన్నాయో నాకు అర్థం కాదు.

న్యూజీలాండువారు యజమానిని ప్రలోభం నుంచే తప్పించారు. అక్కడ బాండు అని పిలిచే డిపాజిట్టు సొమ్మును యజమాని 23 పనిదినాల్లో ప్రభుత్వ విభాగానికి జమ చేయాలి. స్విట్జర్లాండులో ఇంకా సొగసైన ఏర్పాటు ఉంది. సొమ్ము బ్యాంకులో అద్దెదారు పేరు మీదే ఉంటుంది. యజమాని ఒప్పుకోనిదే అద్దెదారు దాన్ని ముట్టుకోకూడదు. సొంత సొమ్మును అద్దాల అవతల చూసుకుని దండం పెట్టుకోవడంలో ఉన్న వైరాగ్యం తక్కినవారికి ఒక పట్టాన అలవడదు.

జపానువారి నిజాయితీ ముందు మాత్రం నేను తల వంచుతాను. అక్కడ షికికిన్ అనే డిపాజిట్టుతో పాటు, చాలా ఇళ్లకు రేకిన్ అనే మరో మొత్తం ఉంటుంది. రేకిన్ అంటే కృతజ్ఞతా ధనం. ఇల్లు ఇచ్చినందుకు యజమానికి సమర్పించుకునేది, తిరిగి రానిది. తిరిగి రాదని మొదటి రోజే, మాటలోనే చెప్పేయడం ఎంత గొప్ప సంస్కారం! తక్కిన దేశాలవారు ఇదే విషయం చెప్పడానికి రెండేళ్లు తీసుకుంటారు. జపాను ప్రభుత్వపు మార్గదర్శకాలు మరొక అడుగు ముందుకు వేసి, గోడకు గుచ్చిన గుండుసూది రంధ్రం ఎవరి ఖాతా, మేకు రంధ్రం ఎవరి ఖాతా అనేది కూడా తేల్చాయి. కాగితం అంటించుకోవడానికి గుచ్చిన సూది బెజ్జం మామూలు వాడుక కిందకు వస్తుంది గనుక యజమాని భరిస్తాడు. లోపలి పలక మార్చవలసినంతగా మేకు దిగితే అద్దెదారు భరిస్తాడు. ఫ్రిజ్ వెనక గోడ నల్లబడితే యజమానిది, పొగాకు పొగకు పసుపెక్కితే అద్దెదారుది. ధర్మసూక్ష్మం అంటే ఇదే కదా.

కొరియా సంగతి చెప్పడానికి ధైర్యం చాలదు గాని, జోన్సే అనే పద్ధతిలో ఇంటి ధరలో సగమో అంతకన్నా ఎక్కువో డిపాజిట్టుగా కట్టి, నెల అద్దె లేకుండా సాధారణంగా రెండేళ్లు ఉంటారని మాత్రం చెబుతాను. యజమాని ఆ సొమ్మును మరోచోట తిప్పుకుంటాడు. ఇళ్ల ధరలు పడిపోయిన కాలంలో ఎందరో యజమానులు ఆ సొమ్ము తిరిగి ఇవ్వలేక చేతులెత్తేస్తే, బాధితుల కోసం 2023లో అక్కడ ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. నా 18 యూరోల దుఃఖం అప్పటి నుంచి కొంత తగ్గింది.

ఇక ఇంగ్లండు. అక్కడ నా అద్దె నెలకు 1,300 పౌండ్లు. 2019 జూన్ నుంచి ఆ దేశంలో, ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉన్న ఇళ్లకు, డిపాజిట్టు అయిదు వారాల అద్దెను మించరాదు. కాబట్టి సరిగ్గా 1,500 కట్టాను. చేరిన రోజు నా చేతికి 31 పేజీల ఇన్వెంటరీ, అంటే ఇంట్లోని వస్తువులూ వాటి స్థితీ నమోదు చేసిన జాబితా, ఇచ్చారు. వారంలోగా చదివి, అభ్యంతరాలుంటే చెప్పి, సంతకం చేయమన్నారు. నిద్రలేని కళ్లతో రెండో పేజీ వరకు చదివాను. 'పడకగది తలుపు వెనుక, నేల నుంచి మోకాలెత్తున, నాణెమంత లేత గోధుమరంగు మరక' అని ఉంది. వెళ్లి చూశాను. ఉంది. ఇంత శ్రద్ధగా ఒక మరకను ప్రేమించిన మనిషి అబద్ధం రాయడని నిశ్చయించుకుని తక్కిన 29 పేజీలు చదవకుండానే సంతకం చేశాను.

మూడేళ్ల తరువాత ఖాళీ చేసే రోజున అదే ఇన్వెంటరీ పట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. వచ్చీ రాగానే చిన్న టార్చిలైటు తీసి ఓవెన్‌లోకి తల దూర్చాడు. తలుపు చట్రం పైన, పొడుగువారికి కూడా చేయి అందని చోట, మునివేలితో ఒక గీత గీసి ఆ వేలిని కిటికీ వెలుతురులో పెట్టి పరిశీలించాడు. తివాచీ మీద మోకాళ్లపై కూర్చుని ఒక చోట చాలాసేపు చూసి, 'ఊఁ' అన్నాడు. ఆ ఊఁకారం ఖరీదు 160 పౌండ్లని నాకు పది రోజుల తరువాత తెలిసింది. ఓవెన్ శుభ్రతకు 85, గోడ రంధ్రాలకు 85, వెలగని బల్బుకు 10 కలిపి మొత్తం 340 పౌండ్లు కోత వేశారు.

నేను రక్షణ పథకంవారి ముందు వివాదం పెట్టాను. అక్కడ ఒక రహస్యం తెలిసింది. సొమ్ము మొదటి నుంచీ అద్దెదారుదేనట. కోత న్యాయమేనని నిరూపించుకోవలసినవాడు యజమానేనట. మూడేళ్లుగా ఆ డబ్బు యజమానిదని, దయ తలిస్తే నాకు ఇస్తాడని నేను అనుకుంటూ వచ్చాను. వివాదం తేల్చే నిర్ణేత ముఖం నేను చూడలేదు, నా ముఖం ఆయన చూడలేదు. కాగితాలను కాగితాలే ఎదుర్కొన్నాయి. తివాచీ ఆయుర్దాయం పదేళ్లు, అందులో తొమ్మిదేళ్లు గడిచాయి గనుక, మిగిలిన పదో వంతుకు 16 పౌండ్లు చాలునన్నారు. గోడ రంధ్రాలు రెండూ నేను చేరకముందే ఉన్నట్టు నేను చదవని ఇన్వెంటరీ 17వ పేజీలో రాసి ఉంది. ఓవెన్, బల్బు విషయంలో నేను ఓడిపోయాను. ఆ బల్బు మొదటి రోజు నుంచీ వెలగలేదు. అయితే ఇన్వెంటరీలో 'బల్బు ఉన్నది, వెలిగించి చూడలేదు' అని రాశారు. మూడేళ్లు చీకట్లో చేతులు కడుక్కున్నందుకు పది పౌండ్లు కట్టాను. చివరకు 1,389 పౌండ్లు తిరిగి వచ్చాయి.

వచ్చేసరికి తొమ్మిది వారాలు పట్టింది. కొత్త ఇంటికి కట్టవలసిన డిపాజిట్టు మాత్రం పాత ఇల్లు వదలకముందే అడిగారు. అద్దెదారు జీవితంలో రెండు ధరావతులు ఒకే కాలంలో పరాయివారి వద్ద ఉండే ఈ సంధికాలాన్ని గురించి ఏ చట్టమూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. నేను అప్పు చేశాను. ఒకప్పుడు షూఫావారు అడిగిన చరిత్ర అలా మొదలైంది.

కొత్త ఇంట్లో ఈసారి బుద్ధిగా ప్రతి స్విచ్చినీ, ప్రతి కుళాయినీ, ఓవెన్ లోపలి నాలుగు గోడలనూ, తలుపు చట్రాల పైభాగాలనూ ఫొటోలు తీస్తూ పోయాను. స్నానాలగదిలో కుర్చీ ఎక్కి బల్బు వెలిగించి మరీ 212వ ఫొటో తీస్తుండగా, తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్న ఏజెంటు కొంచెం నొచ్చుకున్నట్టు చూసి, "మీరు మమ్మల్ని కాస్త నమ్మాలండీ" అన్నాడు. తరువాత, డిపాజిట్టు సొమ్ము ఖాతాలో పడిందో లేదో కార్యాలయానికి ఫోను చేసి కనుక్కుని, అప్పుడు తాళాలు నా చేతిలో పెట్టాడు.