నేల కావాలి, ఓటు ఇవ్వరా?

ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్‌బ్యాంక్‌ను తమ దేశంలో కలిపేసుకునే బిల్లు 2025 అక్టోబరు 22, బుధవారం ఇజ్రాయెల్ పార్లమెంటు నెసెట్‌లో తొలి గడప దాటింది. అనుకూలంగా 25, వ్యతిరేకంగా 24 ఓట్లు. ఇది ప్రాథమిక దశేననీ, ప్రధాని నెతన్యాహు పార్టీ సభ్యులు దాదాపు అందరూ ఓటింగుకు దూరంగా ఉన్నారనీ, అమెరికా ఒప్పుకోదనీ కొందరు సర్దిచెప్పారు. అంతకుముందు జులైలో ఇదే సభ విలీనం కోరుతూ 71-13 ఓట్లతో తీర్మానం చేసింది. సెప్టెంబరులో నెతన్యాహు ఆ ఆక్రమిత నేల మీద యూదులు కట్టుకున్న మాలే అదుమిమ్ సెటిల్‌మెంట్‌కు వెళ్లి, పాలస్తీనా రాజ్యమంటూ ఉండబోదని చెప్పి వచ్చారు. ఇక సర్దిచెప్పడానికి ఏం మిగిలింది?

ఇజ్రాయెల్, పాలస్తీనా అంటూ రెండు రాజ్యాలు వద్దంటే మిగిలేది ఒక్క రాజ్యమే. మరి అందులో బతికే అందరికీ ఓటుందా? బిల్లుకు మద్దతు పలికిన ఆ 25 మందినీ నిలదీయాల్సిన ప్రశ్న ఇదొక్కటే.

జోర్డాన్ నది నుంచి మధ్యధరా సముద్రం దాకా యూదులు 70 లక్షల పైచిలుకు. పాలస్తీనీయులూ ఇంచుమించు అంతే. 1967 నుంచి ఆ నేల మీద ఆఖరి మాట ఇజ్రాయెల్‌దే. గాజాలో హమాస్ పాలన సాగిన ఏళ్లలోనూ అక్కడి సముద్రం, ఆకాశం దాని చేతుల్లోనే ఉన్నాయి. అంటే ఒకే రాజ్యం అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. లేనిదల్లా సమానత్వం. వెస్ట్‌బ్యాంక్‌లో కొండ మీది సెటిల్‌మెంట్ వాసి నేరం చేస్తే పౌర న్యాయస్థానం, కొండ కింద ఊళ్లోని పాలస్తీనీయుడికి సైనిక న్యాయస్థానం. కొండ మీదివాడు నెసెట్‌కు ఓటేస్తాడు. కిందివాడి పొలానికి దారి ఉండాలో మూసేయాలో తేల్చేది ఆ నెసెట్ నిలబెట్టిన ప్రభుత్వమే. అయినా అతనికి ఓటు లేదు.

కలుపుకున్నాక ఓటు ఇవ్వరా అనుకునేవారు తూర్పు జెరూసలేం వైపు చూడాలి. 1967లో ఆక్రమించి నగరంలో కలిపేశారు. 1980లో దానికి చట్టం చేశారు. అక్కడి పాలస్తీనీయుల్లో అత్యధికులు నేటికీ పౌరులు కారు, ‘శాశ్వత నివాసులు’. మునిసిపాలిటీకి ఓటేయవచ్చు, నెసెట్‌కు వేయరాదు. పేరుకు శాశ్వతమైన ఆ నివాస హక్కునూ ఇప్పటిదాకా 14 వేల మందికి పైగా రద్దు చేశారు. ఆర్థికమంత్రి స్మోత్రిచ్‌కు ఆ మాత్రం దాపరికం కూడా లేదు. వెస్ట్‌బ్యాంక్‌లో 82 శాతాన్ని కలుపుకునే పటం 2025 సెప్టెంబరులో చూపిస్తూ, వీలైనంత ఎక్కువ భూమి, వీలైనంత తక్కువ జనాభా తమ సూత్రమన్నారు. పొలం కావాలి, తరతరాలుగా దాన్ని దున్నినవాళ్లు మాత్రం లెక్కలోకి రాకూడదు!

యూరప్‌లో 60 లక్షల మందిని పోగొట్టుకున్న, 2023 అక్టోబరు 7న ఒక్కరోజే దాదాపు 1,200 మందిని పొట్టనబెట్టుకున్న దాడిని చూసిన ప్రజలకు, ఉన్న ఒక్క దేశంలోనూ మైనారిటీ అయిపోతామన్న భయం ఉంటుంది. అది నిజమైన భయమే. అలాగైతే ఆక్రమించిన ఆ నేల వదిలి రావాలి. నేలను గుప్పిట్లో పెట్టుకుని, భయం పేరు చెప్పి ఓటు ఎగ్గొడతామంటే కుదరదు.

ఉమ్మడి రాజ్యం యూదు ద్వేషుల పన్నాగమనే ప్రచారం చరిత్ర ముందు నిలవదు. హీబ్రూ విశ్వవిద్యాలయాన్ని నడిపించిన జూడా మాగ్నెస్, తత్వవేత్త మార్టిన్ బూబర్ 1940లలో రెండు జాతులకూ సమాన హక్కులుండే ఒకే రాజ్యం కావాలన్నారు. యూదులకు సొంతగడ్డ కోరిన జియోనిస్టుల్లో వారికంటే పక్కావారెవరు? నెతన్యాహు పార్టీ లికుడ్ నేత రువెన్ రివ్లిన్ సైతం 2010లో నెసెట్ స్పీకరుగా ఉండి, ఆ నేలను పంచడం కన్నా పాలస్తీనీయులకు పౌరసత్వం ఇవ్వడమే మేలన్నారు. నేల కావాలన్నారు, ఓటు ఇస్తామన్నారు. నేటి నేతలకు ఆ నిజాయతీ లేదు. ఇప్పుడు ఓటున్న అరబ్ పౌరులు జనాభాలో ఐదో వంతు. వారు ఉండగానే, దేశంలో స్వయం నిర్ణయాధికారం యూదులకు మాత్రమేనని 2018లో చట్టం చేసిన సభ ఇది.

మన ఢిల్లీ సంగతి చూస్తే ఇంకా బాధ. 1947లో ఐక్యరాజ్యసమితి కమిటీలో ఇరాన్, యుగోస్లావియాలతో కలిసి, పాలస్తీనాను ముక్కలు చేయొద్దు, జెరూసలేం రాజధానిగా ఒకే ఫెడరల్ రాజ్యం ఉండాలని చెప్పింది భారతదేశమే. తన దేహమే రెండుగా చీలుతున్న ఏడాది చెప్పిన మాట అది. అదే దేశం, ఆక్రమణను ఏడాదిలోగా ముగించాలన్న సమితి తీర్మానంపై 2024 సెప్టెంబరులో ఓటేయకుండా కూర్చుంది. గాజాలో కాల్పుల విరమణ కోరిన తీర్మానంపై 2025 జూన్‌లోనూ అంతే. సెప్టెంబరు వచ్చేసరికి రెండు రాజ్యాల ప్రకటనకు మాత్రం 142 దేశాల్లో ఒకటిగా చేయెత్తింది. నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడం అంటే ఇదే.

రెండు రాజ్యాలని నమ్మితే ఆక్రమణ ఆపమని ఢిల్లీ గట్టిగా చెప్పాలి. నమ్మకం పోతే, వెస్ట్‌బ్యాంక్‌లోని దాదాపు 30 లక్షల మందికి ఓటు ఇమ్మని అడగాలి. ఈ రెండూ చేయకుండా ఏటా న్యూయార్క్ వెళ్లి పాత ప్రకటననే చదివి వచ్చే ప్రభుత్వానికి 1947 నాటి ఆ మాట ఎత్తే అర్హత లేదు.