మహారాజశ్రీ కారు టైటిల్ గారికి

టెక్సాస్‌లో ఉంటూ ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాడు, ఆ కారు ఎవరిదో చెప్పే కాగితమైన మీకు నమస్కరించి రాసుకున్న ఉత్తరం. ఉభయకుశలోపరి.

అయ్యా, నేను ఒహాయో దాకా వెళ్లి కొన్నది కారు అనుకున్నాను. 2014 మోడల్. వెనక బంపర్ మీద జానెడు గీత, తలుపుకి ఒక సొట్ట. అమ్మిన పెద్దాయన ఏదీ దాచకుండా చూపించాడు. నేను వాటినే పట్టుకుని బేరమాడి వెయ్యి డాలర్లు తగ్గించుకున్నాను. కారు మీద గీత పడితే ధర తగ్గుతుంది, అంతే. మీ మీద గీత పడితే ప్రాణమే పోతుందని అప్పటికి నాకు తెలీదు.

ఒహాయోలో మీరు పుట్టేది కోర్టు క్లర్కు గారి ఆఫీసులోనట. అందుకేనేమో ప్రతిదానికీ సాక్ష్యం కావాలంటారు. అమ్మేవాడు నోటరీ ఎదుటే సంతకం పెట్టాలి. అంతకుముందే మీ వీపు మీద కొన్నవాడి పేరు, ధర, కారు తిరిగిన మైళ్లు చూపే ఓడోమీటర్ అంకె నింపి ఉండాలి. తీరా నోటరీ ముందు కూర్చున్నాక, మీలో తన భార్య పేరు కూడా ఉందని పెద్దాయనకి గుర్తొచ్చింది. ఆవిడ వచ్చేదాకా గంటన్నర ఎదురుచూశాం. కొన్ని రాష్ట్రాల్లో రెండు పేర్ల మధ్య 'ఆర్' ఉంటే ఒకరి సంతకం చాలట, 'అండ్' ఉంటే ఇద్దరూ రావాలట. కారు ఇంజిన్‌తో నడుస్తుందనుకునే అమాయకులం మేము.

ఓడోమీటర్ అంకెలో పదోవంతులు రాయకూడదు. 2011 నుంచి వచ్చిన మోడళ్లకి 20 ఏళ్లపాటు, చేతులు మారినప్పుడల్లా మైళ్ల లెక్క రాసిచ్చి సంతకం పెట్టాలని ఫెడరల్ రూలు. అంటే మా కారుకి 2034 దాకా ఈ బాధ తప్పదు. సరే, అదీ పెట్టాం.

ఇక నా పేరు. మా ఇంటిపేరులో ఒక 'తి' ఉంది. ఇంగ్లీషులో దానికి టీ పక్కన హెచ్ తగిలిస్తాం, లేకపోతే 'టి' అని చదువుతారని మన భయం. పెద్దాయన టీ తర్వాత ఐ రాసేశాడు. నా లైసెన్సు వంక చూసి, నాలుక కరుచుకుని, రెండింటి మధ్యా సన్నగా ఒక హెచ్ ఇరికించాడు. పాపం, మర్యాదస్థుడు. అమెరికాలో నా పేరు సరిగ్గా రాయాలని తాపత్రయపడిన మొదటి మనిషి ఈయనే అని నేను మురిసిపోయాను కూడా. నోటరీ ముద్ర పడింది. తాత్కాలిక నంబరు ప్లేటుగా ఇచ్చే పేపర్ ట్యాగ్ తగిలించుకుని వెయ్యి మైళ్లు పైగా హాయిగా నడుపుకుంటూ వచ్చాను.

ఇక్కడ టైటిల్ పని చూసేది కౌంటీ ట్యాక్స్ ఆఫీసు. పొద్దున్నే వెళ్లి నిలబడ్డాను. ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, అదే విన్ నంబరులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి కదా, సున్నాతోనూ ఒకటితోనూ పొరబడకుండా అందులో ఐ, ఓ, క్యూ వాడరు. అక్కడ తీసేసిన క్యూలన్నీ ఈ కౌంటర్ ముందుకి పంపించినట్టున్నారు.

నా వంతు వచ్చింది. కౌంటర్‌లో ఆవిడ మిమ్మల్ని లైటుకి ఎత్తిపట్టి చూసి, "దిద్దారు. ఇది చెల్లదు" అంది. బంపర్ వంక కనీసం తొంగి కూడా చూడలేదు. దిద్దింది తప్పుని ఒప్పు చేయడానికే అని చెప్పాను. ఒప్పుని తప్పు చేసినా, తప్పుని ఒప్పు చేసినా మీకు ఒకటేనట. దిద్దకుండా తప్పుగానే వదిలేసి ఉంటే నా పేరు అది కాదనేవారు. మీరే చెప్పండి, ఆ పెద్దాయన ఏం చేసుండాల్సింది?

మళ్లీ ఒహాయోకి ఫోన్. వాళ్లిద్దరూ కొత్త టైటిల్‌కి అప్లై చేసి, మళ్లీ నోటరీ దగ్గరికెళ్లి, మళ్లీ పోస్టు చేయాలి. "ఒక్క హెచ్ కోసమా?" అంది పెద్దావిడ. నా దగ్గర సమాధానం లేదు. కొన్న 30 రోజుల్లో ఇక్కడ దాఖలు చేయకపోతే జరిమానా, అవతల పేపర్ ట్యాగ్ గడువు. రోజూ పోస్టు డబ్బా చుట్టూ ప్రదక్షిణలు చేశాను.

చివరికి 28వ రోజున పని జరిగింది. జరిగేముందు పన్ను. మా రాష్ట్రంలో 6.25 శాతం. ఇచ్చిన ధర మీదే కదా అనుకున్నా. కాదట. అలాంటి కారుకి మామూలుగా ఎంత పలుకుతుందో రాష్ట్రం దగ్గర ఒక లెక్క ఉంది. డీలరు దగ్గర కాకుండా మామూలు మనుషుల దగ్గర కొంటే, ఆ లెక్కలో 80 శాతానికి తక్కువైన ధర చెల్లదు. గీతనీ సొట్టనీ చూపించి నేను తగ్గించుకున్న దాంట్లో కొంత భాగానికి కూడా పన్ను కట్టి వచ్చాను.

మీరు మా పేరుతో ఇంటికి వచ్చారు. పెళ్లి సర్టిఫికెట్ పైన, ప్లాస్టిక్ కవర్లో, మడత పడకుండా పడుకోబెట్టాం. పిల్లల్ని ఆ బీరువా దగ్గరికి రానివ్వట్లేదు.

నిన్న సాయంత్రం వడగళ్ల వాన పడింది. బానెట్ మీద పిడుగుల్లా మోగుతున్నాయి. "కారు, కారు" అని మా ఆవిడ అరుస్తోంది. నేను పరిగెత్తింది బీరువా వైపు.

ఇట్లు,
టీ పక్కన హెచ్ ఉన్నవాడు

తా.క. ఈ ఉత్తరంలో ఎక్కడా కొట్టివేతలు లేవు. లైటుకి పట్టి చూసుకోవచ్చు.