భయం తగ్గించమంటే పుట్టిన జాబితా

క్రీ.పూ. 49 జనవరిలో ఇటలీ సరిహద్దు రుబికాన్ నది దాటేటప్పటికి రోమన్ సేనాని జూలియస్ సీజర్ వెంట ఉన్నది ఒక్క లెజియన్ (సైనిక దళం), సుమారు 5 వేల మంది. అయినా రోమ్ నగరం గుండె జారిపోయింది. సీజర్ ప్రత్యర్థి పాంపే ఊరు విడిచాడు, రోమ్ అత్యున్నత అధికారులైన కాన్సుళ్లూ విడిచారు. ఖజానా నుంచి డబ్బు తీయబోయిన కాన్సుల్ లెంటులస్, సీజర్ వచ్చేస్తున్నాడన్న పుకారు చెవిన పడగానే తలుపులైనా మూయకుండా పారిపోయాడట. చెప్పింది సీజరే కాబట్టి కొంత తగ్గించి నమ్మాలి. ఆ తర్వాత అదే ఖజానా తాళాలు పగలగొట్టడానికి ఆయన కమ్మరులను పిలిపించాల్సి వచ్చిందని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు మరి!

ఇంత బెదురు ఒక్క లెజియన్‌ను చూసి పుట్టింది కాదు. అది 33 ఏళ్ల నాటి జ్ఞాపకం. క్రీ.పూ. 82లో అంతర్యుద్ధం గెలిచిన సేనాని సులా, రోమ్ నగరంలో హత్యలు సాగిస్తుంటే, మెటెల్లస్ అనే యువకుడు సెనేట్‌లో లేచాడు. మీరు చంపదలచిన వారిని వదలమనడం లేదు, బతకనివ్వదలచిన వారినైనా ఈ అనుమానం నుంచి బయటపడేయమన్నాడు. ఎవరిని వదలాలో ఇంకా తేల్చుకోలేదన్నాడు సులా. అయితే శిక్షించదలచిన వారి పేర్లే చెప్పమన్నారు. భయం తగ్గించమని అడిగితే చంపాల్సిన వారి జాబితా పుట్టింది. మొదట 80 పేర్లు. ఒకరోజు ఆగి 220. మర్నాడు మళ్లీ అన్నే. ఎవరి జోలికీ పోని క్వింటస్ ఔరేలియస్, నగర కూడలి ఫోరంలో ఆ పేర్లు చదువుతూ తన పేరు చూసుకున్నాడు. అల్బాలోని తన భూమే తన మీద నేరం మోపిందని, అంటే దాని కోసమే తన పేరు ఎక్కించారని వాపోయాడు. నాలుగడుగులు వేశాడో లేదో, వెంటపడిన వాడు చంపేశాడు.

సీజర్ అలాంటి జాబితా వేయలేదు. పట్టుబడ్డ ప్రత్యర్థులను ఇటలీలోని కార్ఫినియంలో వదిలేశాడు కూడా. వేసింది ఆయన తర్వాతి వాళ్లు. క్రీ.పూ. 43 చివర్లో, అధికారం పంచుకున్న ఆంటోనీ, లెపిడస్, ఆక్టేవియన్ ముందుగా కొందరిని మట్టుపెట్టమని రోమ్‌కు మనుషులను పంపారు. పేర్లు బయటపెట్టలేదు. వెతుకుతున్నది తననేనని ఆ రాత్రి ప్రతివాడూ అనుకున్నాడు. కాన్సుల్ పీడియస్ చాటింపు వేసేవాళ్లను వెంటబెట్టుకుని, తెల్లవారేదాకా ఓపిక పట్టండని వీధి వీధీ తిరిగాడు. తెల్లవారాక 17 పేర్లు ప్రకటించి, మిగతా వారికి ప్రాణభయం లేదని హామీ ఇచ్చాడు. ఆ ముగ్గురి అసలు ఆలోచన పాపం ఆయనకు తెలియదు. తిరిగి తిరిగి అలసిపోయి మరుసటి రాత్రే చనిపోయాడు.

ముగ్గురూ నగరంలో అడుగుపెట్టాక చంపాల్సిన వారి పేర్లతో కొత్త పలకలు వెలిశాయి. పీడియస్ చదివిన 17కు తోడు మరో 130 పేర్లు. ఆ తర్వాత ఇంకో 150.