మా అమ్మాయి ఎల్‌కేజీ, మా ఇంటి విదేశాంగ విధానం

మా అమ్మాయికి మూడున్నరేళ్లు. క్రేయాన్లలో ఆకుపచ్చని ఒక్కదాన్నే గుర్తుపడుతుంది, అదీ నోట్లో పెట్టుకునే ముందు. ఈ మనిషి 2040లో ఏ దేశంలో, ఏ బోర్డు కింద, ఏ ఎంట్రన్స్ రాస్తుందన్నది ఈ నెలాఖరులోగా మేం తేల్చాలి. దుబాయ్‌లో బడి ఫారం నింపడమంటే ఇంత బాధ్యత ఉంది.

మా ఊళ్లో ఈ గొడవ లేదు. కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమచెవి అందుకుంటే ఒకటో తరగతి, అందకపోతే వచ్చే ఏడాది. అంత పారదర్శకమైన అడ్మిషన్ విధానం నేను మళ్లీ చూడలేదు.

ఇక్కడ చదువులు దేశాలవారీగా దొరుకుతాయి. మన సీబీఎస్‌ఈ బడి ఏప్రిల్లో తెరుస్తారు, బ్రిటిష్ బడి ఆగస్టు చివర్లో. మధ్యలో మారిన పిల్లాడు నాలుగైదు నెలలు త్రిశంకు స్వర్గంలో ఉంటాడు. పైగా మన ఒకటో తరగతి వాళ్లకి ఇయర్ టూ. మా తోడల్లుడు వాళ్ల అబ్బాయిని ఇయర్ త్రీ నుంచి తీసి సీబీఎస్‌ఈ రెండో తరగతిలో వేశాడు. తరగతి అదే, అంకె ఒక్కటే తగ్గింది. మా అత్తగారు మాత్రం "పిల్లాడు తప్పాడా నాయనా?" అని కళ్లనీళ్లు పెట్టుకుని, బోటిమ్ యాప్ వీడియో కాల్‌లోనే ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఫోను అటూ ఇటూ తిప్పమంది. తిప్పాం.

ఐబీ సంగతి మా నాన్నగారి దగ్గర ఎత్తడం నా పొరపాటు. "ఇంటెలిజెన్స్ బ్యూరోనా? పసిపిల్లకి నిఘా ఉద్యోగం ఏంట్రా?" అన్నారు. అది కాదు నాన్నా, ఇంటర్నేషనల్ బాకలారియేట్, 1968లో జెనీవాలో మొదలైన చదువు, చివర్లో నాలుగువేల మాటల వ్యాసం రాయాలి, డిప్లొమా మొత్తం 45 మార్కులకి అని విడమరిచి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి "మరి మిగతా 55 ఎవరు మింగారు?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

ఫీజుల గురించి ఎక్కువ చెప్పను. ఏడాదికి కొన్ని వేల దిర్హాముల దగ్గర మొదలై లక్ష దాటేదాకా ఉన్నాయి. రూపాయల్లోకి మార్చి చూసుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు.

బడులకి మార్కులిచ్చే పద్ధతి కూడా ఉంది ఇక్కడ. దుబాయ్ ప్రైవేటు బడుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ వారు తనిఖీ చేసి ఔట్‌స్టాండింగ్ నుంచి వెరీ వీక్ దాకా ఆరు మెట్లలో ఒకచోట నిలబెడతారు. చిన్నప్పుడు మనల్ని గోడకుర్చీ వేయించిన బడికి ఎవరో వచ్చి "పర్వాలేదు" అని రాసిపోవడం, నిజం చెప్పాలంటే, మనసుకి హాయిగా ఉంటుంది.

ఇక బడి చూడ్డానికి వెళ్తే ముందుగా స్విమ్మింగ్ పూల్ చూపిస్తారు. ఏడు బడులు తిరిగాక నేను కనిపెట్టిన సూత్రం: క్లోరిన్ వాసన ఎంత దూరం వస్తే ఫీజు అంత. ఒకచోట అడ్మిషన్ల మేడమ్ మమ్మల్ని మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, పిల్లల పెంపకంలో మీ ఫిలాసఫీ ఏమిటని అడిగింది. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "హోలిస్టిక్" అన్నాను. మేడమ్ శ్రద్ధగా రాసుకుంది. అప్పటికి మా అమ్మాయి సోఫా వెనక నేల మీద బోర్లా పడుకుని, మంటలార్పే సిలిండర్ మీది స్టిక్కర్ గోటితో గీకుతోంది. సగం ఊడింది కూడా. అదీ హోలిస్టిక్కే అనుకుంటా.

తెలుగు మాటేమిటని మీరు అడగొచ్చు. సీబీఎస్‌ఈ వారు తెలుగుకి ఒకటి కాదు, రెండు కోడ్‌లిచ్చారు: ఆంధ్రప్రదేశ్ తెలుగు 007, తెలంగాణ తెలుగు 089. మేం చూసిన బడుల్లో రెండూ లేవు. అరబ్బీ మాత్రం తప్పనిసరి. మా పెద్దాడు తన పేరు అరబ్బీలో కుడి నుంచి ఎడమకి గొలుసులా రాసేస్తాడు. నాయనమ్మకి తెలుగులో వాయిస్ మెసేజ్ పెడతాడు.

అసలు చిక్కు పన్నెండో తరగతి అయ్యాక ఉంది. ఈఏపీసెట్‌లో, అదే మన పాత ఎంసెట్‌లో, 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి. లోకల్ అనిపించుకోవాలంటే చివరి నాలుగేళ్లూ వరుసగా అక్కడే చదివుండాలని సూత్రం. అంటే తొమ్మిదో తరగతికల్లా దిగిపోవాలి. అందుకే ఎనిమిది అవగానే తల్లీపిల్లలు విమానం ఎక్కుతారు. తండ్రి ఫ్లాటు ఖాళీ చేసి, దుబాయ్‌లోనే కరామా పేటలో బెడ్‌స్పేస్, అంటే నలుగురుండే గదిలో ఒక మంచం, చూసుకుని, నలభై ఐదేళ్ల వయసులో మళ్లీ బ్యాచిలర్ అవుతాడు.

ఇంకో దారి ఉంది, ఎన్‌ఐటీలకి: విదేశాల్లో చదివిన పిల్లలకి నేరుగా సీట్లిచ్చే పథకం, దాసా. పేరులోనే భక్తి ధ్వనిస్తుంది. అందులో గల్ఫ్‌లో పనిచేసే కార్మికుల పిల్లలకని ఒక కోటా, ఫీజు ఇండియా పిల్లలతో సమానం. (ఏసీ గదిలో ఎక్సెల్ కొట్టే నేనూ ఆ లెక్కన కార్మికుణ్నే. ఈ ఒక్క కోటా దగ్గర మాకు శ్రామిక చైతన్యం ఉప్పొంగుతుంది.) కానీ దానికి పదకొండు, పన్నెండు ఇక్కడే చదవాలి. ఒకరేమో తొమ్మిదిలోపు వచ్చెయ్ అంటారు, ఇంకొకరు పన్నెండు దాకా కదలకు అంటారు. ఎమిరేట్స్‌లో ప్రవాసి, ఇంటికెళ్తే నాన్ లోకల్. మా పెద్దాడు ఇప్పుడు సరిగ్గా ఎనిమిదిలో ఉన్నాడు. ఓ రాత్రి కూర్చుని వాడి సంగతీ మాట్లాడుకున్నాం. ఒంటిగంట దాకా ఏమీ తేలలేదు. ఎక్సెల్ షీట్‌లో మాత్రం రెండు నిలువు గళ్లు పెరిగాయి.

చివరికి అమ్మాయిని అన్న చదివే బడిలోనే వేస్తున్నాం. కారణాలు చాలా లోతైనవి: ఒకే బస్సు, రెండో పిల్లకి ఫీజులో కాస్త తగ్గింపు.

ఫారంలో ఆఖరి పేజీలో ఒక ప్రశ్న ఉంది, ఈ దేశంలో ఇంకా ఎన్నేళ్లు ఉండబోతున్నారని. మా ఆవిడ, "రెండేళ్లని రాయండి, ఎలాగూ వెళ్లిపోతాంగా" అంది. రాశాను. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి, అన్నాచెల్లెళ్ల వివరాలు సరిచూడ్డానికి పెద్దాడి పాత ఫైలు తీసి, కేజీ వన్ ఫారం నా ముందు పరిచింది. 2016 నాటిది. చేతిరాత నాదే, జవాబూ అదే: రెండేళ్లు.

ఏమైనా మార్చాలా సార్ అని అడిగింది. అక్కర్లేదన్నాను.